ఐదు చేపలు పోయాయి, మొక్కలూ వాడిపోతున్నాయి... తక్కువ ఖర్చులో ఏ గ్యాస్ సెట్ కొనాలి?

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది. పెద్దదే రాశారు. అందులోని సంగతులు క్లుప్తంగా చెబుతాను.

ఇంట్లో ఆయన, భార్య, ఆరేళ్ల పాప. హాల్లో రెండడుగుల చేపల ట్యాంకు (అక్వేరియం), నీళ్లు సుమారు 60 లీటర్లు. ఏడాది పాటు అనుబియాస్, జావా ఫెర్న్ లాంటి మొక్కలతో, నియాన్ టెట్రాలనే 12 చిన్న చేపలతో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. నాలుగు నెలల కిందట, అడుగంతా పచ్చటి తివాచీ పరిచినట్టుండే ట్యాంకుల ఫొటోలు చూసి మనసు పడ్డారు. పవర్ ఎక్కువున్న ఎల్‌ఈడీ లైటు కొన్నారు. అడుగున పరుచుకునే మాంటె కార్లో, ఎర్ర రొటాలా మొక్కలు నాటారు. లైటు రోజుకు 10 గంటలు వేస్తున్నారు. నెల తిరిగేసరికి మాంటె కార్లో పసుపుపచ్చగా మారి కుళ్లడం మొదలైంది. అనుబియాస్ ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చుల్లాంటి నాచు పట్టింది. కార్బన్ డయాక్సైడ్ ఇవ్వాలని ఎవరో చెబితే పంచదార, ఈస్ట్ కలిపిన సీసా పెట్టారు. పది రోజులు బుడగలు బాగా వచ్చాయి, తర్వాత తగ్గిపోయాయి. విసుగొచ్చి ఒక రాత్రి కొత్త మిశ్రమంలో ఈస్ట్ రెట్టింపు వేశారు. తెల్లారేసరికి ఐదు టెట్రాలు చనిపోయి ఉన్నాయి, మిగతావి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. భార్య "ఇక చాలు, ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు.

ఇప్పుడు ఆయన ముందు మూడు దారులున్నాయి. వంట సోడా, సిట్రిక్ యాసిడ్‌తో నడిచే రెండు సీసాల కిట్ ఒకటి. బ్రాండ్ పేరు లేని చవక రెగ్యులేటర్‌తో పాటు ఎవరో వాడేసిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ రెండోది. గడువు తీరిందని ఆఫీసులో పక్కన పెట్టిన మంటలార్పే సిలిండర్‌ను స్నేహితుడు ఊరికే ఇస్తాననడం మూడోది. చేతిలో ఉన్నది కొద్ది డబ్బే. "ఏది కొనమంటారు? ఆవిడకు చెప్పకుండా కొనేసి, మొక్కలు పెరిగాక చూపిస్తే కోపం తగ్గుతుందా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "పాప రోజూలాగే స్టూలు ఎక్కి లెక్కపెట్టి, నాన్నా ఏడే ఉన్నాయి అంది." ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు ఇస్తాను. దానికన్నా ముందు ఆ ఐదు చేపలు ఎందుకు పోయాయో మీకు స్పష్టంగా తెలియాలి. అది తెలిస్తే ఏ సామాను మీద డబ్బు పెట్టాలో, దేని మీద మిగుల్చుకోవచ్చో సగం మీకే అర్థమవుతుంది.

ఈస్ట్ అనేది ప్రాణమున్న పదార్థం. దానికి పగలూ రాత్రీ తేడా లేదు. లైటు వెలుగుతున్నప్పుడు మొక్కలు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఆక్సిజన్ వదులుతాయి. లైటు ఆర్పగానే ఆ పని ఆగిపోతుంది. అప్పటినుంచి మొక్కలు కూడా చేపల్లాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మీ సీసా మాత్రం రెట్టింపు వేగంతో రాత్రంతా గ్యాస్ పంపుతూనే ఉంది. నీటిలో ఈ గ్యాస్ మరీ ఎక్కువైతే చేప తన రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను మొప్పల ద్వారా బయటికి పంపలేదు. రక్తం ఆమ్లంగా మారుతుంది, ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది. అప్పుడు నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరాడదు. అవి పైకి వచ్చి నోళ్లు తెరిచింది అందుకే.

మీరు చేపల్ని నిర్లక్ష్యం చేశారని నేననుకోవడం లేదు. మీ చేతిలో ఉన్న పరికరానికి ఆపే మీట లేదు, ఎంత వస్తోందో చూపించే గుర్తూ లేదు. ఈ రెండూ లేని ఏ గ్యాస్ సెట్టయినా, ఎంత చవకగా వచ్చినా, మీ ఇంటికి పనికిరాదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క కొలబద్దతోనే చెబుతున్నాను.

ఇక మొక్కల సంగతి. మీ ట్యాంకులో గొడవ మొదలైంది లైటు మార్చిన రోజున. మొక్క ఎంత వేగంగా పెరగాలో వెలుతురు నిర్ణయిస్తుంది. ఆ వేగానికి తగ్గ కార్బన్ నీటిలో దొరకాలి. ఎండు మొక్క బరువులో దాదాపు 40 శాతానికి పైగా కార్బనే. గాలి తగిలే మామూలు నీటిలో అది చాలా తక్కువ. చేపలూ, అడుగున ఉండే సూక్ష్మజీవులూ వదిలేది కలుపుకున్నా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. గ్యాస్ ఇచ్చే ట్యాంకుల్లో 20 నుంచి 30 మిల్లీగ్రాముల మధ్య ఉంచుతారు. మీరు పెద్ద లైటు పెట్టి 10 గంటలు వెలిగించారంటే, మొక్కను పరుగెత్తమని తరిమి తిండి పెట్టనట్టే. బలహీనపడిన ఆకు మీదికి నాచు చేరుతుంది. మీరు చెప్పిన ఆ నల్ల కుచ్చు నాచు, కార్బన్ డయాక్సైడ్ ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అవుతున్న ట్యాంకుల్లోనే నేను ఎక్కువగా చూశాను. తర్వాత మీరు పెట్టిన ఈస్ట్ సీసా చేసింది కూడా సరిగ్గా అదే.

కాబట్టి మొదటి దారి మీ జాబితాలో లేనిది. ఏమీ కొనకండి. మీ లైటుకు వెలుగు తగ్గించే సదుపాయం ఉంటే సగానికి తగ్గించండి. లేకపోతే లైటును ట్యాంకుకు ఒక అడుగు పైకి ఎత్తండి. సమయం 10 గంటల నుంచి 6 గంటలకు దించండి. నాచు పట్టిన అనుబియాస్ ఆకుల్ని కత్తిరించేయండి. ఆ మొక్క ఓర్చుకుంటుంది, మెల్లగా కొత్త ఆకులు వేస్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, జావా మాస్ బయటినుంచి గ్యాస్ లేకుండానే బతుకుతాయి. వాలిస్నేరియా అయితే నీటిలో కరిగి ఉండే బైకార్బనేట్ లవణాల నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు, అందుకే గ్యాస్ లేని ట్యాంకుల్లో అది గడ్డిలా అల్లుకుపోతుంది.

ఈ దారిలో మీరు వదులుకోవాల్సింది ఆ పచ్చ తివాచీని. మాంటె కార్లో తక్కువ వెలుతురులో బతికినా కిందికి పరుచుకోదు, పైకి సాగుతుంది. ఎర్ర రొటాలా ఎర్రదనం తగ్గి ఆకుపచ్చగా, పలచగా మారుతుంది. ఆ ఫొటోలు చూసి మీరు పడ్డ ఆశ చిన్నదని నేననను. నీటి అడుగున పచ్చిక పరుచుకుని, ప్రతి ఆకు కొసనా ఆక్సిజన్ బుడగ ముత్యంలా నిలబడితే, ఆ దృశ్యం ముందు కూర్చున్న మనిషికి టైము తెలియదు. మీకు కావాల్సింది అదే అయితే గ్యాస్ కావాలి. ఏ దారి పట్టినా లైటు తగ్గించడం మాత్రం ఇవాళే చేయండి. గ్యాస్ సెట్ వచ్చేదాకా మొక్కలు తట్టుకుంటాయి, చేతిలో ఉన్న డబ్బుతో తొందరపడి కొనాల్సిన అవసరమూ తప్పుతుంది.

మంటలార్పే సిలిండర్ విషయం ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఊరికే వస్తుంది కాబట్టి అదే మిమ్మల్ని ఎక్కువ లాగుతుంది. అన్నింటికన్నా ముందు, అందులో ఉన్నది కార్బన్ డయాక్సైడేనా అన్నది చూడాలి. చాలావాటిలో ఉండేది పొడి. ఒకవేళ కార్బన్ డయాక్సైడే అయినా, ఆ సిలిండర్లలో వాల్వ్ నుంచి అడుగుదాకా ఒక గొట్టం దిగి ఉంటుంది. నిప్పు మీద ద్రవం ఒక్కసారిగా చిమ్మాలి కాబట్టి అలా చేస్తారు. మనకు కావాల్సింది పైన ఉండే వాయువు. దాన్ని నిలబెట్టి రెగ్యులేటర్ బిగిస్తే లోపలికి ద్రవం వస్తుంది. అది విస్తరించేటప్పుడు మైనస్ 78 డిగ్రీల చలి పుట్టి, మంచు గడ్డగా మారి వాల్వ్ మూసుకుపోవచ్చు, లేదా పాడైపోవచ్చు. పైగా గడువు తీరిందని పక్కన పెట్టిన సిలిండర్. దాని గోడ ఎంత బలంగా ఉందో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. గొట్టం తీయించి, వాల్వ్ మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించడం సిలిండర్లు నింపే నిపుణుల పని. అవన్నీ చేయిస్తే ఊరికే వచ్చిందన్న మాట పోతుంది. మీ స్నేహితుడికి థాంక్స్ చెప్పి వద్దనండి.

సోడా, సిట్రిక్ యాసిడ్ కిట్ సంగతి వేరు. దాన్ని నేను తీసిపారేయను. రెండు సీసాలు. ఒకదానిలో సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు, రెండోదానిలో వంట సోడా. యాసిడ్ కొద్దిగా సోడా సీసాలోకి వెళ్తుంది, గ్యాస్ పుడుతుంది, రెండు సీసాల్లో ఒత్తిడి సమానం కాగానే యాసిడ్ పోవడం ఆగుతుంది. మీరు వాల్వ్ తెరిచి గ్యాస్ వాడుకున్న కొద్దీ మళ్లీ కొద్దిగా వెళ్తుంది. అంటే ఈస్ట్‌కు లేని గుణం దీనికి ఉంది. రాత్రిపూట వాల్వ్ మూసేయవచ్చు. వేడి వాతావరణంలో ఈస్ట్‌లా ఉరకలెత్తదు, చలికి నిద్రపోదు.

దాని లెక్క కూడా చూడండి. 200 గ్రాముల సిట్రిక్ యాసిడ్, 200 గ్రాముల వంట సోడా కలిస్తే దాదాపు 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బుడగ సైజును బట్టి మారుతుంది గానీ, మీ ట్యాంకుకు సెకనుకు ఒక బుడగ చొప్పున రోజుకు 8 గంటలు ఇస్తే 5 గ్రాముల దగ్గర ఖర్చవుతుందని నా అంచనా. అంటే ఒకసారి నింపితే మూడు వారాలు. 2 కిలోల సిలిండర్‌లో ఉన్నంత గ్యాస్ రావాలంటే ఈ సీసాల్ని దాదాపు 20 సార్లు నింపాలి, సోడా ఒక 4 కిలోలు, సిట్రిక్ యాసిడ్ ఇంకో 4 కిలోలు కావాలి. మీ దగ్గర ఆ రెండింటి ధర ఎంతో, సిలిండర్ ఒకసారి నింపడానికి ఎంతో ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. కిట్ కొనే రోజు చవక. ఏడాది తిరిగేసరికి ఎటు మొగ్గుతుందో ఆ కాగితమే చెబుతుంది.

ఈ కిట్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. ఒత్తిడి తగ్గుతున్న కొద్దీ బుడగల వేగం మారుతుంది, రెండు మూడు రోజులకోసారి వాల్వ్ సర్దాలి. అది మర్చిపోయే మనిషైతే నల్ల నాచు మళ్లీ వస్తుంది. సీసాలు గ్యాస్ డ్రింకులకు వాడే ప్లాస్టిక్‌వే ఉండాలి. గాజు సీసా అస్సలు వద్దు, పగిలితే చుట్టూ ఉన్నవాళ్లకు గాయాలవుతాయి. మామూలు నీళ్ల సీసా కూడా ఆ ఒత్తిడికి నిలవదు. మూత మీద ఒత్తిడి చూపే గేజ్, ఎక్కువైతే దానంతటదే వదిలే సేఫ్టీ వాల్వ్ ఉన్న కిట్టే తీసుకోండి. నింపే ముందు గేజ్ సున్నాకు వచ్చేదాకా గ్యాస్ మెల్లగా వదిలి, అప్పుడే మూత తిప్పండి. ట్యాంకుకు వెళ్లే దారిలో బబుల్ కౌంటర్ (బుడగలు కనిపించి లెక్కపెట్టడానికి వీలైన చిన్న నీళ్ల బుడ్డి) పెడితే సీసాలోంచి పొంగిన ద్రవం ఏదైనా వస్తే అక్కడ కనబడుతుంది, నేరుగా చేపల మీదికి పోదు. ఇంకో చిన్న మాట, కావాల్సింది వంట సోడా. బేకింగ్ పౌడర్ వేరే, పేరు దగ్గరగా ఉందని పొరపాటు పడేవాళ్లున్నారు.

సీసాల బదులు స్టీలు డబ్బాలో రెండూ ఒకేసారి కలిపే రకం కూడా అమ్ముతున్నారు. అందులో పుట్టే ఒత్తిడి చాలా ఎక్కువ. నమ్మకమైన తయారీ, సేఫ్టీ వాల్వ్ ఉంటేనే దాని జోలికి వెళ్లాలి. చవకలో దొరికే స్టీలు డబ్బాను చిన్నపిల్ల ఉన్న ఇంట్లో పెట్టమని నేను చెప్పలేను.

ఇక సిలిండర్. మీరు పదేపదే "చవక సెట్" అని రాశారు. ఈ సెట్‌లో కొన్ని భాగాలు చవకవైనా ఏమీ కాదు, కొన్ని చవకవైతే చేపలు పోతాయి. ఆ రెండూ కలిపి ఒకే పెట్టెలో అమ్ముతారు కాబట్టే మనకు తికమక.

డబ్బు పెట్టాల్సింది రెగ్యులేటర్ మీద, అందులో కూడా ముఖ్యంగా నీడిల్ వాల్వ్ మీద. సిలిండర్ లోపల కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఒత్తిడి సుమారు 57 బార్ (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి), 25 దగ్గర 64 వరకూ ఉంటుంది. దాన్ని రెండు మూడు బార్‌లకు దించేది రెగ్యులేటర్, అక్కడినుంచి లెక్కపెట్టగలిగే బుడగలుగా మార్చేది నీడిల్ వాల్వ్. మంచి వాల్వ్‌ను పట్టుకుని కొద్దిగా తిప్పితే, రెండు సెకన్లకు ఒక బుడగ సెకనున్నరకు ఒకటి అవుతుంది. నాసిరకం దాన్ని అంతే తిప్పితే ఏ మార్పూ ఉండదు, ఇంకో వెంట్రుకవాసి తిప్పగానే బుడగలు ధారలా పోతాయి. పొద్దున సరిచేసి వెళ్తే సాయంత్రానికి దానంతటదే మారిపోతుంది కూడా. కొనే ముందు వీలైతే దాన్ని నడిపి చూపించమనండి. బబుల్ కౌంటర్‌లో ఒక నిమిషం లెక్కపెట్టి, పావుగంట ఆగి మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలు ఒకటే వస్తే ఆ వాల్వ్‌కు డబ్బు ఇవ్వొచ్చు. బ్రాండ్ పేరు లేకపోవడం ఒక్కటే కారణంగా నేను వద్దనను. ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు అయితే మాత్రం వద్దు.

రెగ్యులేటర్‌తో పాటు సోలెనాయిడ్ ఉండాలి. అది కరెంటుతో తెరుచుకునే వాల్వ్. కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండే రకమే అడగండి. అప్పుడు కరెంటు పోయినా గ్యాస్ ఆగుతుంది. దాన్ని ఒక మామూలు టైమర్‌కు తగిలించి, లైటు వెలగడానికి గంట రెండు గంటల ముందు గ్యాస్ మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగేలా పెట్టుకుంటే సరి. ఆ రాత్రి మీ ఇంట్లో జరిగింది మళ్లీ జరగకుండా చూసేది ఈ చిన్న భాగమే. ఖర్చు తగ్గించుకుందామని దీన్ని తీసేసిన సెట్ కొనకండి.

మూడోది చెక్ వాల్వ్, గ్యాస్ గొట్టం. గ్యాస్ ఆగినప్పుడు ట్యాంకు నీళ్లు వెనక్కి పాకి రెగ్యులేటర్‌లోకి పోకుండా ఆపేది చెక్ వాల్వ్. గాలి పంపులకు వాడే పల్చటి ప్లాస్టిక్ రకం ఈ గ్యాస్‌కు ఎక్కువ కాలం నిలవదు, ఇత్తడిదో స్టీలుదో తీసుకోండి. గొట్టం కూడా గాలి పంపుది పనికిరాదు. సిలికాన్ గోడలోంచి కార్బన్ డయాక్సైడ్ సులువుగా జారిపోతుంది. పాలియురేథేన్ గొట్టం అని అడగండి. మీ ఈస్ట్ సీసా గ్యాస్‌లో కొంత అలా దారిలోనే పోయి ఉండొచ్చు.

మిగతావి చవకవే చాలు. బబుల్ కౌంటర్, టైమర్, గ్యాస్‌ను సన్నటి బుడగలుగా చేసే సెరామిక్ డిఫ్యూజర్, నీటిలో గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్, ఇవన్నీ ఖరీదైనవి కొంటే అందంగా ఉంటాయి తప్ప పని మారదు. డిఫ్యూజర్‌ను ఫిల్టర్ నీళ్లు వదిలే దారికి కింద పెడితే ఆ సన్నటి బుడగలు ట్యాంకంతా తిరుగుతాయి. నాచు పట్టి బుడగలు పెద్దవైనప్పుడు కడిగితే మళ్లీ పనిచేస్తుంది.

సిలిండర్ విషయంలో ఒక వరస పాటించండి. ముందు మీ దగ్గర్లో నింపే చోటు కనుక్కోండి, వాళ్లు ఏ మర (థ్రెడ్), ఏ సైజు సిలిండర్ నింపుతారో అడగండి, ఆ తర్వాతే సిలిండర్, దానికి సరిపడే రెగ్యులేటర్ కొనండి. చాలామంది తిరగేసి చేస్తారు. వాల్వ్ మరల్లో డబ్ల్యూ21.8 అని ఒకటి, సీజీఏ-320 అని ఒకటి, సోడా యంత్రాల చిన్న సిలిండర్లకు వేరేది, ఇలా రకాలున్నాయి. ఒకదానికి ఒకటి పట్టదు. మీకు వస్తున్న పాత సిలిండర్ మెడ మీద చివరిసారి ఒత్తిడి పరీక్ష చేసిన తేదీ చెక్కి ఉంటుంది. అది గడువు దాటితే నింపేవాళ్లు తీసుకోరు, పరీక్ష ఖర్చు మీ మీద పడుతుంది. తుప్పు గుంటలు, సొట్టలు, వెల్డింగ్ చేసిన గుర్తులు కనిపిస్తే అది ఏ ధరకూ వద్దు. సిలిండరే దొరకనిచోట, సోడా యంత్రాలకు వాడే చిన్న సిలిండర్‌కు అడాప్టర్ పెట్టుకునేవాళ్లున్నారు. అందులో సుమారు 400 గ్రాములుంటుంది. నా అంచనా ప్రకారం మీ ట్యాంకుకు రెండున్నర నెలలు.

గేజ్ చూసి గ్యాస్ ఎంత మిగిలిందో తెలుసుకోవచ్చనుకోకండి. లోపల ద్రవం ఒక్క చెంచా ఉన్నా ఒత్తిడి అంతే ఉంటుంది. ఖాళీ సిలిండర్ బరువు ఎంతో దాని మెడ మీదే చెక్కి ఉంటుంది. తూకం వేసి అది తీసేస్తే మిగిలిన గ్యాస్ లెక్క వస్తుంది. గేజ్ ముల్లు కిందికి జారడం మొదలైందంటే ద్రవం అయిపోయిందని అర్థం, ఆ రోజే తీసేయండి. కొన్ని సాధారణ రెగ్యులేటర్లలో లోపలి ఒత్తిడి పడిపోయేటప్పుడు బయటికి వచ్చే ఒత్తిడి పెరుగుతుంది. ఇంకా రెండు రోజులు వస్తుందిలే అనుకుని వదిలేసినవాళ్లు చేపల్ని పోగొట్టుకున్నారు.

నా మొదటి సిలిండర్ ఒక్క రాత్రిలో ఖాళీ అయింది. రెగ్యులేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండాల్సిన చిన్న వాషర్ పెట్టెలో రాలేదు, అది ఉండాలని నాకూ తెలియదు. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కాస్త సబ్బు నీళ్లు గిన్నెలో తీసుకుని, పాత పెయింట్ బ్రష్‌తో ప్రతి జాయింట్ మీదా పూస్తాను. లీకు ఉన్నచోట సబ్బు మెల్లగా పొంగి చిన్న నురగ కట్టుకుంటుంది. ఒక్కోసారి ఆ నురగ రావడానికి నిమిషం పడుతుంది, కాబట్టి పూసి వెంటనే లేవకూడదు. మీరూ బిగించిన రోజు ఒకసారి, మర్నాడు ఒకసారి అలా చూసుకోండి.

మీ భార్య "ఇంట్లో సిలిండరా, పాప ఉంది కదా" అని భయపడ్డారని రాశారు. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. కార్బన్ డయాక్సైడ్ మండదు, పేలుడు వాయువు కాదు. కానీ 2 కిలోల సిలిండర్ మొత్తం లీకైతే సుమారు 1,100 లీటర్ల గ్యాస్ అవుతుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది తలుపులన్నీ మూసి ఉంటే గాలిలో అది దాదాపు 4 శాతం. తలనొప్పి, ఆయాసం తెప్పించడానికి అది చాలు. గాలికన్నా బరువైనది కాబట్టి కింద పడుకున్నవాళ్లకు ముందు తగులుతుంది. అందుకే సిలిండర్ పడకగదిలో వద్దు, గాలి ఆడే హాల్లోనే ఉంచండి. నిలబెట్టి, ట్యాంకు స్టాండుకు పట్టీతో కట్టేయండి, పాప గుద్దుకున్నా పడకూడదు. ఎండ తగిలేచోట, ఎండలో నిలిపిన వాహనంలో పెట్టకండి. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమన్నదే ఉండదు, ఒత్తిడి వేగంగా పెరుగుతుంది.

కిట్ అయినా సిలిండర్ అయినా, మొదటి రోజునుంచి డ్రాప్ చెకర్ ఉండాలి. అదొక చిన్న గాజు బుడ్డి, ట్యాంకు గోడకు లోపలివైపు అతుక్కుంటుంది. దానిలో ట్యాంకు నీళ్లు పోయకండి, కార్బనేట్ కఠినత్వం (కేహెచ్) 4 డిగ్రీలున్న ద్రావణం దానితోపాటు అమ్ముతారు, అదే పోయాలి. నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చగా ఉంటే లీటరుకు 30 మిల్లీగ్రాముల దగ్గర, పసుపైతే ఎక్కువ. రంగు మారడానికి గంట రెండు గంటలు పడుతుంది కాబట్టి వాల్వ్ తిప్పి వెంటనే దాన్ని చూసి మళ్లీ తిప్పకండి. మీరు ఇంట్లో ఉండే సెలవు రోజున రెండు సెకన్లకు ఒక బుడగతో మొదలుపెట్టండి. రోజుకు కొద్దిగా పెంచుతూ వారంలో లేత ఆకుపచ్చకు రండి. చేపలు పైకి రావడం కనిపిస్తే రంగు ఏదున్నా గ్యాస్ ఆపేసి, ఫిల్టర్ మూతిని పైకి తిప్పి నీళ్లు కదిలేలా చేసి, కొన్ని నీళ్లు మార్చండి. చెకర్ కన్నా చేప మాటే ముందు వినాలి.

ద్రవ కార్బన్ పేరుతో సీసాల్లో అమ్మేది చాలావరకు గ్లూటరాల్డిహైడ్. అది గ్యాస్‌కు బదులు కాదు. నాచు మీద కొంత పనిచేస్తుంది, వాలిస్నేరియాను కరిగించేస్తుంది, చర్మానికీ కళ్లకూ మంచిది కాదు. పాప అందుకునే చోట ఆ సీసా ఉండటం నాకిష్టం లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆవిడకు చెప్పకుండా కొనకండి. మీరు ఆమె కోపాన్ని డబ్బు గురించిన కోపంగా అర్థం చేసుకున్నారు. మీ ఉత్తరంలోనే ఉంది, ఆ పొద్దున పాప ఏడుపు ఆపింది ఆమే, చనిపోయిన చేపల్ని తీసింది ఆమే. ఆమె అడుగుతున్నది ఇంకోసారి అలా జరగదని నమ్మకం. మీరు చాటుగా ఒక సిలిండర్ తెచ్చి పెడితే, మొక్కలు ఎంత బాగా పెరిగినా ఆ నమ్మకం రాదు. ముందు ఆ రాత్రి ఏం జరిగిందో, తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా చెప్పండి. లైటు తగ్గించి ఒక నెల గడవనివ్వండి. నాచు తగ్గి ఏడు చేపలూ హుషారుగా తిరుగుతుంటే, అప్పుడు మీరు రాసుకున్న లెక్కల కాగితం ఇద్దరూ కలిసి చూడండి. ఆమె అప్పటికీ వద్దంటే మొదటి దారే మీ దారి, దానితోనూ ట్యాంకు అందంగానే ఉంటుంది. సరేనంటే, ఈ నెల మిగిలిన డబ్బుతో కలిపి మంచి రెగ్యులేటర్, సోలెనాయిడ్ దాకా వెళ్లగలరేమో చూడండి. అంత కుదరకపోతే సేఫ్టీ వాల్వ్ ఉన్న రెండు సీసాల కిట్ తీసుకుని, రాత్రి వాల్వ్ మూసే బాధ్యత ఎవరిదో ముందే అనుకోండి. నన్నడిగితే ఇంకో రెండు నెలలు ఆగైనా సిలిండర్ వైపే వెళ్తాను. రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సిన పనిని టైమర్‌కు అప్పగించడం నాకు ఇష్టం.

పోయిన టెట్రాల బదులు కొత్తవి ఇప్పుడే తేవద్దు. అవి గుంపులో బతికే చేపలే, ఏడు ఉంటే గుంపు నిలుస్తుంది. నీళ్లు కుదుటపడ్డాక, గ్యాస్ పెట్టేటట్టయితే అది నిలకడకు వచ్చాక, పాపను తీసుకెళ్లి తెచ్చుకోండి.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. ఆ ఈస్ట్ సీసా ఇంకా తగిలించే ఉంటే, ముందు గొట్టం చివరను ట్యాంకులోంచి తీసి, తర్వాత సీసాను బయట పెట్టి మూత వదులు చేయండి. బిగించి పక్కన పెట్టకండి, లోపల ఈస్ట్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.